తూటా ఎక్కని రైఫిల్‌తో పంట కాపలా సాగదు

మొక్కజొన్న పాలు పోసుకునే దశకు వచ్చిందంటే అడవి పందుల బెడద మొదలైనట్టే. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టేటప్పుడు, వరి గింజ గట్టిపడేటప్పుడు, చెరకు తీపెక్కేటప్పుడు అదే కథ. మంద ఒక్క రాత్రి చేలో దిగితే తిన్నదానికన్నా తొక్కిందే ఎక్కువ. తెల్లారి చూసుకుంటే రైతుకు మిగిలేది విరిగిన దంట్లు, తవ్విపోసిన మళ్లు. నష్టపరిహారం గురించి, కంచెల గురించి, అనుమతుల గురించి మనం ఎన్నో సభల్లో మాట్లాడుకున్నాం. ఎవరూ పట్టించుకోని ఒక చిన్న సంగతిని ఈసారి చర్చకు పెడుతున్నాం. తిరిగి తిరిగి అనుమతి కాగితం తెచ్చుకున్నాక, ఆ రాత్రి చేనుగట్టున నిలబడ్డ మనిషి చేతిలోని రైఫిల్ పనిచేస్తుందా?

చాలాచోట్ల పనిచేయడం లేదు. మొదటి తూటా పేలుతుంది. బోల్ట్ వెనక్కి లాగి ముందుకు తోస్తే రెండోది చాంబర్‌లోకి ఎక్కదు. మేగజైన్‌లోనే ముక్కు కిందికి దించుకుని ఇరుక్కుంటుంది, లేకపోతే అడ్డంగా లేచి నిలబడుతుంది. ఎదురుగా గాయపడ్డ పంది ఉంటుంది. దెబ్బ తిన్న అడవి పంది పారిపోవచ్చు, తిరగబడనూవచ్చు. దాని కోరలు మనిషి తొడను చీల్చేస్తాయి. ఆ క్షణంలో చీకట్లో, టార్చి వెలుతురులో తూటా పీకడానికి తంటాలు పడే మనిషి ప్రాణం దేనిమీద ఆధారపడి ఉందంటే, ఒక రేకు డబ్బా మీద, అందులోని ఒక స్ప్రింగ్ మీద. అందుకే దీన్ని తుపాకుల సరదా ఉన్నవాళ్ల ముచ్చటగా కాక రైతు సమస్యగా చూడాలంటున్నాం.

చట్టం ఏ తుపాకీని తలచుకుంది?

1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్ పంట రక్షణ గురించి ప్రత్యేకంగా చెబుతుంది. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలంటుంది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే 20 అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న మరో నున్నగొట్టపు తుపాకీకి ఇవ్వవచ్చంటుంది. అంటే ఆ చట్టం రాసినవాళ్ల కళ్లముందున్నది మందు దట్టించే తుపాకీ. దానికి మేగజైన్ లేదు, బోల్ట్ లేదు, ఒక దెబ్బ తర్వాత రెండో దెబ్బా లేదు.

మన ఊళ్లలో అక్కడక్కడా ఉన్న బోల్ట్ రైఫిళ్లు వేరే కారణాలు చూపి తీసుకున్న లైసెన్సుల మీద వచ్చినవి. అటవీశాఖ అనుమతితో పందుల్ని కాల్చడానికి పిలిపించే వేటగాళ్లు తెచ్చేవాటిలోనూ ఇలాంటివి ఉంటాయి. వీటిలో ఎక్కువగా కనిపించేది .315 బోర్ స్పోర్టింగ్ రైఫిల్. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారయ్యే ఈ రైఫిల్ బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతిలో నడుస్తుంది. సైన్యం వాడే .303 తూటా పౌరుల చేతికి పోకూడదని ఆనాటి పాలకులు పెట్టిన కట్టడి నుంచే ఈ వేరే బోర్ వాడుకలోకి వచ్చింది. .303 ఇప్పటికీ మామూలు పౌరులకు నిషిద్ధ బోరే.

ఈ చరిత్ర ఎందుకంటే, మేగజైన్ జబ్బు మూలం కొంత అందులోనే ఉంది. .303 లాగే .315 తూటాకూ అడుగున చుట్టూ బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. ఒకదాని మీద ఒకటిగా ఐదు తూటాలు పేర్చే డబ్బాలో ఆ అంచులు ఒకదానికొకటి తగులుకునే వీలుంది. ఈ ఒక్క విషయం తెలియక ఇబ్బంది పడేవాళ్లే ఎక్కువ.

మేగజైన్ ఎందుకు మొరాయిస్తుంది?

ముందు అది పనిచేసే తీరు చూద్దాం. మేగజైన్ అడుగున స్ప్రింగ్ ఉంటుంది. దానిమీద తూటాల్ని పైకి నెట్టే పలక ఉంటుంది. డబ్బా పైభాగంలో రెండు పక్కలా లోపలికి వంగిన రేకు అంచులు ఉంటాయి. వాటిని పెదవులు అంటారు. తూటా పైకి ఎగిరిపోకుండా ఆపేవి అవే, సరైన కోణంలో చాంబర్ వైపు నడిపించేవీ అవే. బోల్ట్ పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు పై తూటా దాని దారిలోకి లేస్తుంది. బోల్ట్ ముందుకు వెళుతూ తూటా అడుగు అంచును పట్టి తోస్తుంది. తూటా ముక్కు వాలు మీదుగా చాంబర్‌లోకి జారుతుంది. చివర్లో బోల్ట్ మీది కొక్కెం తూటా అంచును పట్టుకుంటుంది. ఈ వరుసలో ఎక్కడ తేడా వచ్చినా తూటా ఆగిపోతుంది.

కారణం వెతకడానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఎన్నో తూటా దగ్గర ఆగుతోంది?

మేగజైన్ నిండుగా ఉన్నప్పుడు మొదటి ఒకటి రెండు తూటాల దగ్గరే ఆగితే, నింపడంలో పొరపాటు జరిగి ఉండొచ్చు. పై తూటా అడుగు అంచు కింది తూటా అంచుకన్నా ముందు, అంటే గొట్టం వైపు ఉండాలి. వెనకపడితే పై తూటా ముందుకు కదిలేటప్పుడు దాని అంచు కింది తూటా అంచును తన్నుకుని రెండూ బిగుసుకుంటాయి. ఎంత బలంగా తోసినా కదలవు. దీనికి రైఫిల్‌ను తప్పుబట్టి లాభం లేదు, విప్పి సరిగా పేర్చి నింపితే పోతుంది.

చివరి ఒకటి రెండు తూటాల దగ్గర ఆగితే స్ప్రింగ్ బలహీనపడిందనో, పలక ఒక పక్కకు ఒరిగిందనో అనుమానించాలి. తూటాలు తగ్గేకొద్దీ స్ప్రింగ్ మీద ఒత్తిడి తగ్గుతుంది. పాత స్ప్రింగ్ అప్పుడు తూటాను బోల్ట్ దారిలోకి తగినంత ఎత్తలేదు. బోల్ట్ తూటా పైనుంచి ఖాళీగా జారిపోతుంది. బోల్ట్ మూసుకుంటుంది కానీ చాంబర్ ఖాళీ. కాపలా మనిషి తూటా ఎక్కిందనుకుంటాడు. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని చప్పుడు తప్ప ఏమీ ఉండదు.

ప్రతి తూటా దగ్గరా ఆగుతుంటే మేగజైన్ తన చోట సరిగా కూర్చోలేదన్నమాట. దాన్ని పట్టి ఉంచే కొక్కెం అరిగితే డబ్బా కొంచెం కిందికి జారుతుంది. ఆ కొంచెం తేడాయే చాలు. పెదవులు వంగినా ఇంతే. డబ్బా రాతి మీద ఒకసారి పడితే పెదవి లోపలికి నొక్కుకుపోవచ్చు, అప్పుడు తూటా ముక్కు కిందికి దిగుతుంది. పెదవి బయటికి తెరుచుకుంటే తూటా ముందే ఎగిరి అడ్డం పడుతుంది. ఈ రైఫిళ్ల మేగజైన్లు దేనికదే సరిచూసి అమర్చినవి కాబట్టి, పక్కూరివాళ్ల రైఫిల్ డబ్బా తెచ్చి తగిలిస్తే సరిపోతుందన్న నమ్మకం లేదు.

ఒక్కోసారి ఒక్కో తూటా మాత్రమే ఆగితే తప్పు తూటాలదే కావచ్చు. ఏళ్ల తరబడి పెట్టెలో ఉండి పచ్చటి చిలుము పట్టినవి, గుల్ల సొట్టపోయినవి, ముక్కు నలిగినవి చాంబర్‌లో బిగుస్తాయి. వాటిని పక్కన పెట్టాలి. గీకి, సుత్తితో సరిచేసి వాడే ప్రయత్నం ఎవరూ చేయకూడదు.

ఇక రైఫిల్‌లో ఏ లోపమూ లేకుండా మనిషి చేతివల్ల వచ్చే ఇబ్బంది మరొకటి. కంగారులో బోల్ట్‌ను చివరిదాకా లాగరు. సగం లాగి ముందుకు తోస్తారు. బోల్ట్ తూటా వెనక్కి వెళ్లనే లేదు కాబట్టి దాన్ని పట్టుకోదు. లాగితే పూర్తిగా లాగాలి, తోస్తే పూర్తిగా తోయాలి, మధ్యలో ఆగకూడదు. ఏడాదికి ఒకసారి కూడా సాధన లేని చేతికి ఇది రాత్రికి రాత్రి అలవడదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి. పేలని తూటా చాంబర్‌లోనే ఉండిపోయి, బోల్ట్ రెండో తూటాను దాని వెనక నుంచి తోయడం. రెండో తూటా ముక్కు మొదటిదాని అడుగున మందు అంటుకునే చోట గుద్దుకుంటే బోల్ట్ మూసుకోకముందే పేలవచ్చు. అందుకే బిగిసిన బోల్ట్‌ను అరచేత్తో కొట్టి మూయడం ఎన్నడూ చేయకూడదు. వేలు ట్రిగ్గర్ మీదనుంచి తీసేయాలి, గొట్టం మనిషి లేని వైపు నేలకు తిప్పాలి, మేగజైన్ ఊడదీయాలి, తర్వాతే బోల్ట్ మెల్లగా లాగి లోపల ఏముందో చూడాలి. ట్రిగ్గర్ నొక్కినా పేలని తూటా అయితే కనీసం అర నిమిషం గొట్టం అలాగే ఉంచి ఆగాకే బోల్ట్ తెరవాలి. ఆలస్యంగా పేలే తూటాలుంటాయి.

మన చేతిలో ఉన్నదేమిటి, లేనిదేమిటి?

లైసెన్సుదారు ఇంట్లో చేసుకోగలిగింది శుభ్రం. మేగజైన్ ఖాళీ చేసి, చాంబర్ ఖాళీ అని కళ్లతోనూ వేలితోనూ చూసుకుని, పొడి గుడ్డతో డబ్బా లోపల తుడవాలి. మన పొలాల దుమ్ము, ఎండిన పాత నూనె కలిస్తే జిగురులా గట్టిపడుతుంది. పలక ఆ జిగురులో పైకి లేవదు. చాలా రైఫిళ్ల జబ్బు ఇంతే. తుడిచాక తుప్పు పట్టకుండా పలచగా నూనె రాస్తే చాలు, కారేలా పోస్తే మళ్లీ దుమ్ము పట్టేందుకే. తూటాల మీద, చాంబర్ లోపల నూనె ఉంచకూడదు. సరిగా పేర్చి నింపడం, చెడ్డ తూటా ఏరి పక్కన పెట్టడం, ఎన్నో తూటా దగ్గర ఆగుతోందో కాగితం మీద రాసుకోవడం కూడా మన పనే. ఆ కాగితం చూపిస్తే మరమ్మతుదారు సగం పని తగ్గుతుంది.

పెదవి వంచడం, వాలును ఆకురాయితో రుద్దడం, స్ప్రింగ్ సాగదీయడం, కొక్కెం మార్చడం మన పనులు కావు. ఇక్కడ రైతులు ఒక చట్టం సంగతి గట్టిగా తెలుసుకోవాలి. ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల మరమ్మతుకు కూడా లైసెన్సు కావాలి. అది లేకుండా మరమ్మతు చేస్తే 25వ సెక్షన్ కింద శిక్ష. 2019 సవరణ తర్వాత ఆ శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. కొడవలికి పదును పెట్టే మన ఊరి కమ్మరి, వెల్డింగ్ షాపు కుర్రాడు మంచితనం కొద్దీ మేగజైన్ రేకు ఒకసారి పట్టకారుతో వంచినా వాళ్లను ఆ ప్రమాదంలోకి నెట్టినట్టే. మన పంట కోసం ఇంకొకరి జీవితాన్ని పణంగా పెట్టకూడదు.

మరో సంగతి కూడా చాలామందికి తెలియదు. లైసెన్సుదారు ముసలివాడో, మంచాన పడ్డవాడో అయితే తుపాకీ మరమ్మతుకు తీసుకెళ్లేదెలా? లైసెన్సుదారు వెంట ఉంటేనో, ఆయన రాతపూర్వక అధికారం ఇస్తేనో మరొకరు మరమ్మతు కోసం తుపాకీ తీసుకెళ్లవచ్చని 3వ సెక్షన్ చెబుతోంది. నోటిమాట చాలదు, కాగితం ఉండాలి.

సర్కారు చేతిలో ఉన్న పని

ఇక్కడే మా అసలు వాదన. వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద, నిలబడ్డ పంటకు ప్రమాదంగా మారిన అడవి పందిని చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా అనుమతించవచ్చు. కేరళ ప్రభుత్వం 2022 మేలో ఈ నిర్ణయం తీసుకునే అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకే అప్పగించింది. అధికారం పంచాయతీ దాకా వచ్చినా, లైసెన్సు ఉన్న తుపాకీ, గురి తెలిసిన మనిషి దొరకని చోట ఆ ఉత్తర్వు కాగితంగానే మిగులుతుందని అక్కడి అనుభవం చెబుతోంది. తుపాకీ ఉండి, మనిషీ ఉండి, మేగజైన్ మొరాయిస్తే మన గతి కూడా అంతే.

లైసెన్సు ఇచ్చేది సర్కారు, రైఫిల్ తయారుచేసేది సర్కారు కంపెనీ, అనుమతి ఇచ్చేది సర్కారు. ఆ రైఫిల్ భద్రంగా పనిచేసేలా చూసే బాధ్యత మాత్రం ఎవరిదీ కాదంటే ఎలా? లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరకు పోవాలంటే చాలామంది రైతులకు పట్నం ప్రయాణం తప్పదు. బస్సులో తుపాకీతో వెళ్లాలంటే జంకు. ఒక రోజు కూలి, ఛార్జీలు, మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకో రోజు. దాంతో వచ్చే సీజన్‌కు చూద్దాంలే అని పక్కన పెడతారు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా తుపాకులు డిపాజిట్ చేయమంటారు. నెలల తరబడి గదిలో పడి ఉన్న ఇనుము తుప్పు పట్టకుండా ఉంటుందా?

అందుకని ప్రభుత్వాల ముందు ఈ కోరికలు పెడుతున్నాం.

ఒకటి. ప్రతి జిల్లా కేంద్రంలో లైసెన్సున్న మరమ్మతుదారు ఉండేలా చూడాలి. అది కుదిరేదాకా, జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లోని పోలీసు ఆర్మరర్ల చేత ఏడాదికి ఒకసారి, సీజన్ మొదలయ్యే ముందు, పంట రక్షణకు వాడే తుపాకుల తనిఖీ శిబిరం పెట్టాలి. డమ్మీ తూటాలతో ఐదూ ఎక్కించి, దించి చూపించి, పనిచేస్తుందో లేదో కాగితం మీద రాసివ్వాలి.

రెండు. మేగజైన్లు, స్ప్రింగులు, పలకలు విడిభాగాలుగా లైసెన్సున్న డీలర్ల ద్వారా దొరికేలా ప్రభుత్వరంగ ఆయుధ కంపెనీలు ఏర్పాటు చేయాలి. ఒక స్ప్రింగ్ కోసం రైఫిల్ మొత్తం మూలన పడకూడదు.

మూడు. డిపాజిట్ చేసేటప్పుడు తుపాకీ స్థితిని రసీదులో రాయాలి. ఖాళీ చేసి, నూనె రాసి, పొడి చోట ఉంచాలి. తిరిగి ఇచ్చేటప్పుడు అదే స్థితిలో ఇవ్వాలి.

నాలుగు. లైసెన్సు కోరేవారికి భద్రతా శిక్షణ ఉండాలని 2016 ఆయుధ నియమాలు చెబుతున్నాయి. పాత లైసెన్సుదారులకు, అనుమతి పొందిన వేటగాళ్లకు కూడా అది ఉచితంగా అందించాలి. గురి చూడడంతో పాటు, ఇరుక్కున్న తూటాను ప్రమాదం లేకుండా తీయడం అందులో నేర్పాలి.

ఐదు. అనుమతి ఉత్తర్వు ఇచ్చే ముందు ఆ మనిషి రైఫిల్ తనిఖీ అయిందా అని అటవీశాఖ చూడాలి. ఇది రైతు మెడకు ఇంకో కొర్రీ కాకూడదు. తనిఖీ చేయించే బాధ్యత శాఖే తీసుకోవాలి, దాని పేరుతో అనుమతి ఆలస్యం చేయకూడదు.

తుపాకీ ఒక్కటే మందు కాదు

సంఘంలోనే కొందరు సోదరులు అడుగుతున్నారు. రైతు పత్రికలో తుపాకుల మరమ్మతు ఏమిటని. వాళ్ల ఆందోళన న్యాయమైనదే. తుపాకీ ఉన్నది కొద్దిమంది చేతిలో. కౌలు రైతుకు, ఎకరం రెండెకరాల రైతుకు లైసెన్సు అందని పండు. అందరి పంటనూ తుపాకీ కాపాడుతుందని మేం అనడం లేదు. చేను చుట్టూ ఆముదం వరుసలు, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ వరుసలు వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే మార్గాలు, నలుగురూ కలిసి వేసుకునే సామూహిక కంచె, దానికి సబ్సిడీ, కౌలుదారు పేరునే అందే పరిహారం, ఇవే మన పోరాటంలో ముందుండేవి. రేపూ అంతే.

కానీ ఈ దారులన్నీ మూసుకుపోయినప్పుడు రైతు ఏం చేస్తున్నాడో మనకు తెలుసు. చేను చుట్టూ తీగ లాగి నేరుగా కరెంటు ఇస్తున్నాడు. ఆ తీగకు పందులు పడుతున్నాయి, పశువులు పడుతున్నాయి, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లిన పక్క చేను రైతు పడుతున్నాడు. చచ్చినవాడిదీ రైతు కుటుంబమే, జైలుకు పోయేవాడిదీ రైతు కుటుంబమే. ఆ తీగ పోవాలంటే చట్టబద్ధమైన దారి నిజంగా నడవాలి. అనుమతి సమయానికి రావాలి, వచ్చిన మనిషికి శిక్షణ ఉండాలి, అతని చేతిలోని రైఫిల్ రెండో తూటాను కూడా ఎక్కించాలి. అనుమతి ఇచ్చి, పనిచేయని ఆయుధంతో చీకట్లోకి పంపడం రైతును కాపాడడం కాదు.

అడవి జంతువుల పక్షాన మాట్లాడే మిత్రులకూ ఒక మాట. గురి తప్పి, రెండో దెబ్బ పడక గాయంతో పారిపోయిన జంతువు రోజుల తరబడి పొదల్లో కుళ్లి చస్తుంది. దాని బాధ తగ్గాలన్నా తుపాకీ బాగుండాల్సిందే.

మండల కమిటీలకు మా విజ్ఞప్తి. ఈ నెలలో జరిగే సమావేశాల్లో మీ మండలంలోని లైసెన్సుదారులను పిలవండి. ఎన్ని తుపాకులు ఉన్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, ఏ జబ్బుతో మూలపడ్డాయి, మరమ్మతుకు ఎంత దూరం పోవాల్సి వస్తోంది అన్నవి రాసి జిల్లా కార్యాలయానికి పంపండి. తుపాకులను సమావేశానికి తేవద్దు, వివరాలు చాలు. ఆ లెక్కలతో కలెక్టర్, ఎస్పీ, జిల్లా అటవీ అధికారుల ముందు వినతిపత్రం పెడదాం. కంచె సబ్సిడీ, పరిహారం డిమాండ్ల పక్కనే దీన్నీ చేర్చుదాం. పంట చేతికి రాకముందే ఆ పని పూర్తి కావాలి.